పరుగునే మందుగా రాసిచ్చిన డాక్టరు

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అని మన పెద్దవాళ్లు అంటూంటారు. ఆత్రం కూడదని చెప్పడానికి ఈ సామెత బాగానే పనికొస్తుంది. కాని ఒక జర్మన్ డాక్టరు ఈ సామెత వినివుంటే ఒప్పుకొనేవాడు కాదు. పరిగెత్తడమే మేలు, కాకపోతే నింపాదిగా పరిగెత్తాలి అని దాన్ని సవరించి ఉండేవాడు. ఆయన తన దగ్గరికొచ్చిన రోగులకు మాత్రలతోపాటు పరుగునూ రాసిచ్చేవాడు. తాను పరిగెత్తేవాడు. తన ఊరివాళ్లను పరిగెత్తించేవాడు. చివరికి రెండు కాళ్లూ పోయిన తర్వాత కూడా పరుగు గురించి చెప్పడం మానలేదు.

ఆయన పేరు ఎర్న్‌స్ట్ ఫాన్ ఆకెన్. ఈయన జీవితంలో రెండు పెద్ద వాదాలున్నాయి. రెండింటినీ లోకం మొదట నమ్మలేదు. ఒకటి నిజమని తేలింది. రెండోది ఆయన చెప్పినట్లుగా తేలలేదు. ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే ఒక్క పరుగు గురించే కాదు, ఏ వైద్యం గురించైనా ఎలా ఆలోచించాలో మీకు తెలుస్తుంది.

నీరు, మట్టి, గాలి, పరుగు

ఫాన్ ఆకెన్ 1910లో జర్మనీలో పుట్టాడు. ఆయన బాల్యంలో ఫిన్లాండు పరుగువీరుడు పావో నూర్మి పేరు ప్రపంచమంతా మారుమోగుతూ ఉండేది. నూర్మి 1920, 1924, 1928 ఒలింపిక్ క్రీడల్లో మొత్తం తొమ్మిది స్వర్ణ పతకాలు గెలిచాడు. దూరపు పరుగు మీద మోజు పెంచుకున్న ఫాన్ ఆకెన్ పెద్దయ్యాక డాక్టరై, వాల్డ్‌నీల్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేస్తూ స్థిరపడ్డాడు.

జర్మనీకి ప్రకృతి వైద్యం కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో సెబాస్టియన్ క్నైప్ అనే మతగురువు చన్నీటి స్నానాలతో చికిత్స చేసి పేరు పొందాడు. లూయీ కూనే తొట్టిస్నానాలను, ఆడల్ఫ్ జుస్ట్ మట్టి పట్టీలను ప్రచారం చేశారు. ఈ ఇద్దరి పుస్తకాలనూ దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో గాంధీజీ చదివాడు. ఆ పద్ధతులను తన మీదా, తన కుటుంబం మీదా ప్రయోగించి చూసుకున్నాడు. 1946లో పుణె దగ్గరి ఉరుళీకాంచన్ గ్రామంలో ప్రకృతి చికిత్సా కేంద్రాన్ని ఆరంభించాడు. ఈనాడు మన దేశంలో ప్రకృతి వైద్యం, యోగ కలిపి అయిదున్నర సంవత్సరాల పట్టా చదువుగా బోధిస్తున్నారు. హైదరాబాదులో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం కూడా ఉంది.

"లంఖణం పరమౌషధం" అనే మాట మీరు ఇంట్లో వినే ఉంటారు. శరీరానికి తనను తాను బాగుచేసుకొనే శక్తి ఉంది, దానికి అడ్డు రాకుండా ఉంటే చాలు అన్నదే ప్రకృతి వైద్యానికి మూలమైన ఆలోచన. ఫాన్ ఆకెన్ కూడా మితంగా తినమనేవాడు, బరువు పెరగనివ్వవద్దనేవాడు. అయితే నీరు, మట్టి, ఎండ, గాలి, ఉపవాసం ఉన్న ఆ పాత జాబితాకు ఆయన మరొకటి చేర్చాడు. అదే పరుగు.

దౌడా? నింపాదా?

మీ బడి క్రీడోత్సవాల్లో నూరు మీటర్ల పందెంలో పాల్గొన్నారా? గీత దాటగానే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. రొప్పు వస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. పరుగంటే ఇదే అనుకొని చాలామంది భయపడి మానేస్తారు.

ఆ రోజుల్లో జర్మనీలో పేరున్న శిక్షణ పద్ధతి కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఫ్రైబుర్గ్‌లో గెర్ష్‌లర్ అనే శిక్షకుడూ, రైన్‌డెల్ అనే వైద్యుడూ కలిసి దాన్ని రూపొందించారు. క్రీడాకారుడు కొద్ది దూరం వేగంగా పరిగెత్తాలి. నాడి నిమిషానికి 180 దాకా పోవాలి. అది 120 ప్రాంతానికి దిగేదాకా ఆగి, మళ్లీ పరిగెత్తాలి. ఇలా ఎన్నోసార్లు చేయాలి. ఈ పద్ధతిలో ఎందరో గొప్ప పరుగువీరులు తయారయ్యారు.

ఫాన్ ఆకెన్ దీనికి ఎదురు నిలిచాడు. చాలా దూరం పరిగెత్తండి, కాని నెమ్మదిగా పరిగెత్తండి అన్నాడు. నాడి నిమిషానికి సుమారు 130 ఉంటే చాలు. పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేటంత వేగమే సరైన వేగం. అలసట వస్తే కొంచెం నడిచి మళ్లీ పరిగెత్తాలి. దీనికి ఆయన చూపించిన ఉదాహరణ చిన్నపిల్లలు! మీ వీధిలో ఆడుకుంటున్న పిల్లలను ఒక గంటసేపు గమనించండి. కాసేపు పరిగెత్తుతారు, ఆగుతారు, మళ్లీ పరిగెత్తుతారు. ఎవరూ వాళ్లకు చెప్పకుండానే కిలోమీటర్ల కొద్దీ పరిగెత్తేస్తారు. రొప్పుతూ కూలబడేవాళ్లు అరుదు.

మాటలతోనే ఆయన ఆగలేదు. ఆయన దగ్గర తర్ఫీదు పొందిన హరాల్డ్ నోర్‌పోత్ అనే బక్కపలచని యువకుడు 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 5000 మీటర్ల పరుగులో రజత పతకం గెలిచాడు. అంతటితో ఆయన మాట జనం చెవిన పడసాగింది.

లోపల ఏం జరుగుతుంది?

నింపాదిగా పరిగెత్తితే లాభమేమిటి? ఒక చిన్న లెక్క చేద్దాం.

మీరు ఊరికే కూర్చున్నప్పుడు శరీరానికి నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తం కావాలి. మామూలు మనిషి గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు తోడుతుంది. అంటే నిమిషానికి 70 సార్లకు పైగా కొట్టుకోవాలి. ఏళ్ల తరబడి దూరపు పరుగు చేసినవారి గుండె గదులు పెద్దవై, ఒక్కో స్పందనకు 100 మిల్లీలీటర్లు తోడగలవు. అప్పుడు 50 స్పందనలు చాలు. పెద్ద బొక్కెనతో తోడేవాడు తక్కువసార్లు తోడితే సరిపోతుంది కదా!

కండరాల్లోనూ మార్పులు వస్తాయి. కండరాల చుట్టూ రక్తం తెచ్చే సన్నని కేశనాళికలు పెరుగుతాయి. జీవకణాల్లో మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన భాగాలుంటాయి. కణానికి అవే వంటిళ్లు. ప్రాణవాయువు సాయంతో చక్కెరనూ కొవ్వునూ మండించి శక్తినిచ్చేవి అవే. 1967లో అమెరికాలో జాన్ హొలోజీ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలను కదిలే పట్టా మీద 12 వారాలపాటు పరిగెత్తించాడు. వాటి కండరాల్లోని మైటోకాండ్రియా ప్రాణవాయువును వాడుకొనే శక్తి సుమారు రెట్టింపైనట్లు కనుగొన్నాడు. వంటిళ్ల సామర్థ్యం పెరిగితే ఎక్కువమందికి అలవోకగా వండిపెట్టవచ్చు.

ఇక్కడ ఒక చిత్రం గమనించారా? మందు బయటినుంచి వచ్చి పని చేస్తుంది. పరుగు అలా కాదు. కొద్దిపాటి శ్రమ కలిగించి, ఆ శ్రమను తట్టుకొనేలా శరీరం తనను తానే మార్చుకొనేట్లు చేస్తుంది. ఈ మార్పు జరిగేది ముఖ్యంగా విశ్రాంతి సమయంలో. అందుకే శ్రమ ఎంత అవసరమో నిద్రా అంతే అవసరం.

మొదటి వాదం: ఆడవాళ్లు అంత దూరమా!

ఇప్పుడు ఫాన్ ఆకెన్ మొదటి వాదానికి వద్దాం.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. తొమ్మిది మంది పరిగెత్తారు, తొమ్మిది మందీ పూర్తి చేశారు. కాని చివర్లో వాళ్లు అలసిపోయి కనిపించారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. స్త్రీల శరీరం ఇంత దూరానికి తగదని తీర్మానించారు. ఆ పందెం మళ్లీ 1960 దాకా ఒలింపిక్స్‌లో కనబడలేదు. అంటే 32 ఏళ్లు! అంతకు ముందే 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఇటలీ పురుషుడు డొరాండో పియెత్రి గమ్యానికి దగ్గర్లో పదేపదే పడిపోయాడు. అందుకని మగవాళ్లు మారథాన్ పరిగెత్తకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1967 మేలో కెనడాలోని టొరంటోలో మౌరీన్ విల్టన్ అనే 13 ఏళ్ల బాలిక ఆ దూరాన్ని 3 గంటల 15 నిమిషాల 23 సెకండ్లలో పరిగెత్తింది. మీ ఈడు పిల్లే! చాలామంది నమ్మలేదు. దూరం కొలవడంలోనో గడియారం చూడడంలోనో పొరపాటు జరిగి ఉంటుందన్నారు.

ఫాన్ ఆకెన్ నమ్మాడు. ఆడవాళ్ల శరీరంలో కొవ్వు నిల్వ ఎక్కువ, దూరపు పరుగుకు అదే ఇంధనం, కనుక స్త్రీలు ఈ పరుగుకు చక్కగా తగుతారన్నది ఆయన అభిప్రాయం. కాని నమ్మకం ఒకటే చాలదని ఆయనకు తెలుసు. అదే ఏడు సెప్టెంబరులో వాల్డ్‌నీల్‌లో జరిగిన మారథాన్‌లో ఇద్దరు స్త్రీలను పరిగెత్తించాడు. వారిలో అన్నీ పేడె ఎర్డ్‌కాంప్ 3 గంటల 7 నిమిషాల 26 సెకండ్లలో గమ్యం చేరింది. విల్టన్ కాలం అబద్ధమన్నవాళ్లకు అంతకంటే మెరుగైన కాలమే జవాబయింది.

1973లో వాల్డ్‌నీల్‌లో స్త్రీలకు మాత్రమే ఒక మారథాన్ జరిగింది. 1974 సెప్టెంబరులో వివిధ దేశాల స్త్రీలతో అంతర్జాతీయ మారథాన్ జరిగింది. జర్మనీకి చెందిన లియానె వింటర్ 2 గంటల 50 నిమిషాల 31 సెకండ్లలో గెలిచింది. ఇలాంటి పోటీలు ఏటేటా పెరిగాక, 1984 ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ పెట్టాలని 1981లో నిర్ణయం జరిగింది.

ఇదంతా జరుగుతుండగానే ఫాన్ ఆకెన్‌కు పెద్ద ఆపద వచ్చింది. 1972లో ఒకనాడు పరుగులో ఉండగా కారు ఢీకొట్టింది. రెండు కాళ్లూ తీసివేయవలసి వచ్చింది. అప్పటికాయన వయస్సు 62. పరుగే ప్రాణమనుకొనే మనిషికి ఇంతకంటే కష్టం ఏముంటుంది? అయినా ఆయన చక్రాల కుర్చీలో కూర్చొని రోగులను చూశాడు, తర్ఫీదు ఇచ్చాడు, పుస్తకాలు రాశాడు. 1973, 1974 మారథాన్‌లు రెండూ ఆయన కాళ్లు పోయిన తర్వాతివే.

1984 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాడు. నాలుగు నెలల తర్వాత ఆగస్టు 5న లాస్ ఏంజెలిస్‌లో స్త్రీల మొదటి ఒలింపిక్ మారథాన్ జరిగింది. అమెరికాకు చెందిన జోన్ బెన్వాయ్ 2 గంటల 24 నిమిషాల 52 సెకండ్లలో గెలిచింది. ఆ దృశ్యం ఆయన చూడలేకపోయాడు.

రెండో వాదం: పరుగు కాన్సర్‌ను ఆపుతుందా?

ఫాన్ ఆకెన్ రెండో వాదం ఇంకా పెద్దది. దూరపు పరుగు కాన్సర్ రాకుండా కాపాడుతుందన్నాడు. దీనికి ఆయన ఆధారం జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓటో వార్‌బుర్గ్ సిద్ధాంతం. 1931లో నోబెల్ బహుమతి పొందిన వార్‌బుర్గ్, కాన్సర్ కణాలు ప్రాణవాయువు అందుబాటులో ఉన్నా దాన్ని సరిగా వాడుకోకుండా చక్కెరను పులియబెట్టి శక్తి పొందుతాయని గమనించాడు. కణాల శ్వాసక్రియ చెడడమే కాన్సర్‌కు మూలమని ఆయన నమ్మకం. అలాగైతే కణాలకు పుష్కలంగా ప్రాణవాయువు అందించే పరుగు కాన్సర్‌ను ఆపాలి కదా అని ఫాన్ ఆకెన్ వాదించాడు. ఏళ్ల తరబడి పరిగెత్తుతున్న వందల మంది పెద్దవాళ్లను పరిగెత్తనివాళ్లతో పోల్చి, పరుగువాళ్లలో కాన్సర్ చాలా తక్కువని లెక్క చూపించాడు.

లెక్క బాగానే ఉంది. మరి లోపం ఎక్కడుంది? మీరే ఆలోచించండి. ఒక సాయంత్రం మీ బడి ఆటస్థలానికి వెళ్లి, కబడ్డీ ఆడుతున్నవాళ్లలో ఎందరికి జ్వరముందో లెక్కపెట్టండి. బహుశా ఒక్కరికీ ఉండదు. దాన్నిబట్టి కబడ్డీ జ్వరాన్ని ఆపుతుందని చెప్పవచ్చా? కబడ్డీ జ్వరాన్ని ఆపిందా, జ్వరమే ఆ పిల్లలను కబడ్డీ నుంచి ఆపిందా?

అరవై ఏళ్ల వయస్సులో కూడా పరిగెత్తుతున్నవాళ్లు ముందే గట్టివాళ్లు కావచ్చు. వాళ్లు పొగ తాగకపోవచ్చు, మంచి తిండి తింటూ ఉండవచ్చు. జబ్బుపడినవాళ్లు పరుగు మానేసి లెక్కలోంచి తప్పుకొని ఉండవచ్చు. కనుక తేడా పరుగువల్లే వచ్చిందని చెప్పడానికి ఈ లెక్క చాలదు. వార్‌బుర్గ్ గమనించింది నిజమే. కాని కాన్సర్‌కు మూలం కణాల్లోని జన్యువుల్లో వచ్చే మార్పులని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ప్రాణవాయువు ఎక్కువిస్తే కాన్సర్ రాదన్నంత సులభం కాదు ఆ సంగతి.

రెండు వాదాల మధ్య భేదం చూశారా? స్త్రీలు పరిగెత్తగలరా అన్న ప్రశ్నకు గడియారం జవాబు చెబుతుంది. ఒక్క స్త్రీ పరిగెత్తి చూపినా "పరిగెత్తలేరు" అన్నమాట వీగిపోతుంది. ఒక చికిత్స జబ్బును ఆపుతుందా అన్న ప్రశ్నకు ఒకరి అనుభవం చాలదు. ఎంతోమందిని, న్యాయంగా, ఏళ్ల తరబడి పోల్చి చూడాలి.

ఈనాడు తెలిసింది

అలాంటి పోలికలు తర్వాత జరిగాయి. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో 14 లక్షల 40 వేల మంది వివరాలు పరిశీలించారు. 26 రకాల కాన్సర్లలో 13 రకాలు వ్యాయామం ఎక్కువ చేసేవారిలో తక్కువగా కనిపించాయి. మెలనోమా అనే చర్మ కాన్సర్ మాత్రం వారిలో ఎక్కువగా కనిపించింది. ఆరుబయట ఎండలో ఎక్కువసేపు గడపడం దీనికి కారణం కావచ్చు.

2025లో ఇంకా గట్టి సాక్ష్యం వచ్చింది. పెద్దప్రేగు కాన్సర్‌కు శస్త్రచికిత్స, ఆపైన మందుల చికిత్స పూర్తయిన 889 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఆరోగ్య సలహాల పుస్తకాలిచ్చారు. రెండో జట్టుచేత మూడేళ్లపాటు చురుగ్గా నడవడం వంటి వ్యాయామాలు పర్యవేక్షణలో చేయించారు. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు వ్యాయామం జట్టులో నూటికి సుమారు 80 మంది, మొదటి జట్టులో 74 మంది. ఎనిమిదేళ్లకు జీవించి ఉన్నవారు 90 మంది, 83 మంది. కండరాల నొప్పులు, కీళ్ల నొప్పులు మాత్రం వ్యాయామం చేసినవారిలో కొంచెం ఎక్కువే.

అంటే ఫాన్ ఆకెన్ ఊహలో నిజం ఉంది. అయితే ఒక్కమాట మరచిపోకండి. ఈ రోగులు చికిత్స మాని వ్యాయామం చేయలేదు. చికిత్స పూర్తిచేసుకొని, దానికి తోడుగా వ్యాయామం చేశారు. "ప్రకృతిసిద్ధమైనది కనుక ఇదే చాలు, డాక్టరు వద్దు" అని ఎవరైనా అంటే, వాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా, "ఎంతమందిని దేనితో పోల్చి చూశారు?" అని అడగండి. అలా అడగకుండా మందులు మానేసి ప్రాణాలమీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. పరుగు కూడా సర్వరోగ నివారిణి కాదు. పరుగు మీద పుస్తకం రాసి లక్షలమందిని పరిగెత్తించిన అమెరికన్ రచయిత జిమ్ ఫిక్స్, ఆ 1984లోనే 52 ఏళ్ల వయస్సులో పరిగెత్తుతూ గుండెపోటుతో మరణించాడు. ఆయన తండ్రి కూడా చిన్న వయస్సులోనే గుండెజబ్బుతో పోయినవాడు.

మీరూ చేసి చూడండి

మీ తరగతిలో ఒక పదిమంది కలిసి ఈ ప్రయోగం చేయవచ్చు. ముందుగా మీ డ్రిల్లు మాస్టారికి చెప్పండి. ఉబ్బసం, గుండెజబ్బు, రక్తహీనత వంటివి ఉన్నవాళ్లు డాక్టరును అడిగిన తర్వాతే చేరాలి.

ఉదయం నిద్ర లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర బొటనవేలు వైపున రెండు వేళ్లు ఆనించి పూర్తిగా ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. ఇలా వారం రోజులు రాసుకొని సగటు కట్టండి. తర్వాత చీట్లు వేసి రెండు జట్లుగా విడిపోండి. ఒక జట్టువాళ్లు ఎనిమిది వారాలపాటు, వారానికి నాలుగు రోజులు, ఉదయమో సాయంత్రమో ఇరవై నిమిషాలు నింపాదిగా పరిగెత్తాలి. కబుర్లు చెప్పలేనంత ఆయాసం వస్తే నడవాలి. భోజనం చేసిన వెంటనే, మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తకూడదు. రెండో జట్టువాళ్లు ఎప్పటిలాగే ఉండాలి. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ వారం రోజులు అందరూ నాడి లెక్కపెట్టి సగటు కట్టండి.

రెండు జట్ల సగటుల్లో తేడా వచ్చిందా? వస్తే ఎంత? రాకపోతే కారణం ఏమై ఉంటుంది? పదిమంది చాలా, ఎనిమిది వారాలు చాలా? మీకు మీరే జట్టు ఎంచుకోకుండా చీట్లు ఎందుకు వేయమన్నామో ఇప్పుడు మీకు తెలుసు. ఫలితం ఏదైనా సరే, ఉన్నదున్నట్లు రాసుకోండి. మీరు ఎదురుచూసిన అంకె రాకపోయినా దిద్దకండి. అంతేకాదు, ప్రయోగం ముగిశాక రెండో జట్టువాళ్లనూ పరుగుకు పిలవండి. అంతసేపు గట్టుమీద కూర్చొని చూసినవాళ్లకు కూడా పరిగెత్తాలనే ఉంటుంది మరి!